ఇంట్లో రక్తపోటును సరిగా కొలుచుకునే పద్ధతి

మా నాన్నగారికి డెబ్బై రెండేళ్ల వయసులో, ఒకే ఏడాదిలో రెండుసార్లు బీపీ మాత్ర మోతాదు పెంచారు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ పై అంకె 165కు తగ్గేది కాదు. ఆయన బస్సు దిగి, ఎండలో నడిచి, రెండో అంతస్తుకు మెట్లెక్కి, చీటీ తీసుకుని బల్ల మీద కూర్చోగానే చొక్కా చేతిని పైకి తోసి పట్టీ చుట్టేవారు. రెండోసారి మోతాదు పెరిగిన తరువాత ఆయన తెల్లవారుజామున మంచం దిగుతూ తూలి గోడ పట్టుకోవడం మొదలైంది. అప్పుడు మేము సంప్రదించిన మరొక వైద్యురాలు వెంటనే మందులేవీ మార్చలేదు. ఒక వారం పాటు ఇంట్లో, ఆవిడ చెప్పిన పద్ధతిలో కొలిచి, రాసి తెమ్మన్నారు. ఆ వారం సగటు 122/68గా తేలింది. ఆ లెక్క చూసిన తరువాతే ఆవిడ మోతాదు తగ్గించారు, తూలడమూ తగ్గింది.

బీపీ మెషిన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని ఎలా వాడాలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. మందు వేసుకోవాలా, ఎంత వేసుకోవాలి అనే నిర్ణయం ఈ అంకె మీదే ఆధారపడుతుంది కనుక, కొలిచే పది నిమిషాలను శ్రద్ధగా గడపడం మందును శ్రద్ధగా వేసుకోవడంతో సమానమైన పని అని నేను నమ్ముతున్నాను.

అంకె ఎందుకు నిలకడగా ఉండదు

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ ధమనుల్లో ఒత్తిడి ఒక గరిష్ఠానికి చేరి, మళ్లీ కొట్టుకునేలోపు ఒక కనిష్ఠానికి దిగుతుంది. మొదటిది మనం పై అంకె అనుకునే సిస్టాలిక్, రెండోది కింది అంకె అనుకునే డయాస్టాలిక్. ఈ రెండూ ఏ రెండు స్పందనలకూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఆరోగ్యవంతుల్లో గాఢనిద్రలో ఒత్తిడి పగటికంటే 10 నుంచి 20 శాతం వరకు తగ్గుతుంది, మెలకువ వచ్చే వేళకు మళ్లీ పెరుగుతుంది. మెట్లెక్కినా, చన్నీళ్లు మీద పోసుకున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా, ఇంట్లో ఎవరితోనైనా మాటా మాటా వచ్చినా శరీరం తన అవసరాన్ని బట్టి ఆ ఒత్తిడిని మార్చుకుంటుంది. ఇది జబ్బు కాదు, శరీరం సక్రమంగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఒత్తిడి ఎక్కువగానే నిలిచిపోతుంటే అది జబ్బు. అందువల్ల మనం కొలవవలసింది విశ్రాంతిలో ఉన్న ఒత్తిడిని మాత్రమే.

మనసుకూ ఈ అంకెకూ ఉన్న సంబంధాన్ని ఇటలీలోని మిలన్‌లో జుసెప్పే మాన్చియా బృందం 1983లో చాలా స్పష్టంగా చూపించింది. ఆసుపత్రిలో ఉన్న రోగుల ధమనిలోనే సన్నని గొట్టం అమర్చి ఒత్తిడిని నిరంతరంగా నమోదు చేస్తూ, మధ్యలో ఒక వైద్యుణ్ణి బీపీ చూడడానికి లోపలికి పంపారు. వైద్యుడు పక్కకు వచ్చిన మొదటి కొద్ది నిమిషాల్లోనే పై అంకె సగటున 27 వరకు పెరిగింది, ఆయన అక్కడే ఉండగానే నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. రోగికి నొప్పి లేదు, కదలిక లేదు. తనను పరీక్షిస్తున్నారన్న స్పృహ ఒక్కటే ఆ మార్పుకు చాలింది. తెల్లకోటు ప్రభావం అని పేరు పడినది ఇదే. దీనికి తిరగబడిన స్థితి కూడా ఉంది. కొందరికి ఆసుపత్రిలో అంకె బాగానే కనిపిస్తుంది, ఇంట్లోనూ పనిలోనూ ఎక్కువగా ఉంటుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే పరీక్షకు వెళ్లినా అది దొరకదు. ఇంట్లో కొలిస్తేనే ఈ రెండు స్థితులూ బయటపడతాయి.

ఈ అంకెలు ఏ కొలమానంలో ఉంటాయో కూడా ఒక మాట చెప్పాలి. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రపు ధమనికి పొడవాటి గాజుగొట్టాన్ని అమర్చి, రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడాన్ని చూసి 1733లో ప్రచురించాడు. మనిషి ధమనికి అలాగే గొట్టం అమర్చితే, 120 ఒత్తిడి దగ్గర రక్తం దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తుకు లేస్తుంది. పాదరసం రక్తం కంటే సుమారు పదమూడు రెట్లు బరువైనది కాబట్టి అదే ఒత్తిడికి 120 మిల్లీమీటర్లే లేస్తుంది. మెషిన్ చూపించే అంకె ఈ పాదరసపు మిల్లీమీటర్ల లెక్కే. 1896లో ఇటలీ వైద్యుడు షిపియోనే రివా-రోచ్చి చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పరికరాన్ని తయారుచేశాడు. 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్, పట్టీ కింద ధమని మీద స్టెతస్కోపు పెట్టి, శబ్దం మొదలైనచోట పై అంకెనూ ఆగినచోట కింది అంకెనూ గుర్తించవచ్చని చెప్పాడు. మన ఇంటి మెషిన్ ఈ శబ్దాలను వినదు. పట్టీలోని గాలి నెమ్మదిగా మారుతున్నప్పుడు ధమని కొట్టుకోవడం వల్ల ఆ గాలిలో పుట్టే చిన్న చిన్న అదురులను పట్టుకుని, వాటి నుంచి లెక్కకట్టి రెండు అంకెలు చూపిస్తుంది. చేయి కదిలినా, వేళ్లు బిగించినా ఆ కదలికలు కూడా అదురులలో కలిసిపోతాయి. కదలకుండా కూర్చోమనడానికి అసలు కారణం ఇదే.

మెషిన్, పట్టీ

దండచేతికి చుట్టే మెషిన్ కొనాలి. మణికట్టుకు పెట్టుకునేది చూడడానికి సులువుగా ఉన్నా, మణికట్టును గుండె ఎత్తులో సరిగ్గా నిలపడం కష్టం కనుక తప్పులు ఎక్కువగా వస్తాయి. దండచేయి మరీ లావుగా ఉండి ఏ పట్టీ సరిపోనివారికి మాత్రమే, అదీ వైద్యుల సలహాతో, మణికట్టు మెషిన్ పనికొస్తుంది. అంగట్లో దొరికే ప్రతి మెషిన్ పరీక్షకు నిలిచినది కాదు. స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ సంస్థ, ప్రమాణాల ప్రకారం పరీక్షించి సరైనవని తేలిన మెషిన్ల జాబితాను ఉచితంగా ప్రచురిస్తుంది. కొనబోయే మోడల్ పేరు అందులో ఉందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

మెషిన్ కంటే పట్టీ విషయంలోనే మన ఇళ్లలో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. భుజానికీ మోచేతికీ మధ్య, సరిగ్గా నడిమి భాగంలో దర్జీ టేపుతో చుట్టుకొలత తీసుకోండి. చాలా మెషిన్లతో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. అంతకు మించితే పెద్ద పట్టీ విడిగా కొనుక్కోవాలి. పట్టీ మీదే ఈ కొలతలు ముద్రించి ఉంటాయి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ధమనిని నొక్కడానికి అవసరమైనదానికంటే ఎక్కువ గాలి కావలసి వస్తుంది, అందువల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. చాలా పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ వాడితే పై అంకెలో 20 వరకు తేడా రాగలదు. ఆ 20 అంకెల తేడాతో, లేని జబ్బుకు మందు మొదలుకావచ్చు. సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే దీనికి విరుద్ధంగా తక్కువ చూపిస్తుంది.

కూర్చునే తీరు

కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, చుట్ట, వ్యాయామం వద్దు. మూత్ర విసర్జన చేసి రావాలి. ఆ తరువాత వీపుకు ఆనిక ఉన్న కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించాలి. మన అలవాటు ప్రకారం చాప మీదో మంచం మీదో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, కాలు మీద కాలు వేసుకుంటే, అంకె కొంత పెరుగుతుంది. మంచం అంచున వీపుకు ఆసరా లేకుండా కూర్చున్నా అంతే. పొట్టిగా ఉన్న పెద్దవాళ్లకు పాదాలు నేలకు అందకపోతే కింద ఒక చిన్న పీట వేయండి.

చేతిని బల్ల మీద, అవసరమైతే కింద దిండు పెట్టి, పట్టీ నడిమి భాగం గుండె ఎత్తులో ఉండేలా ఆనించాలి. గుండె ఎత్తు అంటే ఛాతీ ఎముక మధ్యభాగం అనుకోవచ్చు. దీన్ని చాదస్తం అనుకోకండి. చేయి గుండెకంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ పది సెంటీమీటర్ల రక్తపు బరువు కూడా కలిసి అంకె ఏడెనిమిది పెరుగుతుంది. పైకి ఉంటే అంతే తగ్గుతుంది. చేతిని ఒడిలో పెట్టుకుని కొలుచుకునేవారి అంకెలు ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. చేతిని ఏ ఆసరా లేకుండా గాలిలో చాపి ఉంచితే, కండరం బిగిసి మరికొంత పెరుగుతుంది.

పట్టీని బట్ట మీద కాకుండా చర్మం మీదే చుట్టాలి. దాని కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల వెడల్పు పైన ఉండాలి, గొట్టం లేదా గుర్తు ధమని మీదికి, అంటే మోచేతి లోపలి వైపుకు రావాలి. పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువు సరిపోతుంది. ఇక్కడ ఆడవాళ్ల విషయంలో ఒక సంగతి తప్పక చెప్పాలి. బిగుతుగా ఉన్న జాకెట్టు చేతిని పైకి లాగి మడిస్తే ఆ మడతే దండచేతిని కట్టుకట్టినట్టు నొక్కుతుంది, అప్పుడు వచ్చే అంకెను నమ్మడానికి లేదు. ఇంట్లో కొలుచుకునేటప్పుడు వదులు చేతుల నైటీయో, చేయి బయటికి తీయగలిగిన దుస్తులో వేసుకోవాలి. పొడుగుచేతుల చొక్కాకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన (ధమనిని సిరతో కలిపిన) చేతికీ, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులు తీసేసినవైపు చేతికీ వైద్యులు చెబితే తప్ప పట్టీ చుట్టకూడదు.

ఇలా అమర్చుకున్న తరువాత ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఈ ఐదు నిమిషాలనే, ఇంట్లోవాళ్లు అందరికంటే ముందు వదిలేసేదీ దీన్నే. టీవీ కట్టేయాలి, ఫోను పక్క గదిలో పెట్టాలి. మెషిన్ నడుస్తున్నప్పుడు కొలిపించుకునేవారు గానీ కొలిచేవారు గానీ మాట్లాడకూడదు. మాట్లాడితే పై అంకె పది వరకు పెరగగలదు. "ఎంత వచ్చింది, ఎక్కువ వచ్చిందా" అని పక్కన నిలబడి అడగడం కూడా ఆ మనిషిని ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టినట్టే. నాన్నగారు కొలుచుకుంటున్న వేళ మా అమ్మ వంటింట్లో గిన్నెల పని ఆపేసేది, ఆ నిశ్శబ్దం వల్ల ఆయనకు తేడా తెలిసేది.

ఒక వారం లెక్క

మొదటి రోజు రెండు చేతులకూ కొలిచి చూడాలి. ఏ చేతికి నిలకడగా ఎక్కువ వస్తుందో, ఆ తరువాత ఎప్పుడూ ఆ చేతికే కొలవాలి. రెండు చేతుల మధ్య పై అంకెలో తేడా పదికి మించి, ప్రతిసారీ అలాగే వస్తుంటే వైద్యులకు చెప్పాలి, ఒకవైపు ధమని సన్నబడి ఉండవచ్చు.

వారం రోజులూ ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలవాలి. ఉదయం అంటే నిద్ర లేచిన గంటలోపు, మూత్ర విసర్జన తరువాత, కాఫీకీ ఫలహారానికీ మాత్రకూ ముందు. సాయంత్రం అంటే రాత్రి భోజనానికి ముందు. భోజనం చేసిన వెంటనే, ముఖ్యంగా పెద్దవాళ్లలో, ఒత్తిడి కొంత తగ్గుతుంది కనుక ఆ సమయం పనికిరాదు. మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య ఒక నిమిషం విరామం ఇవ్వాలి. మొదటిది సాధారణంగా ఎక్కువే వస్తుంది. దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు, కొట్టివేయనూ కూడదు.

ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, రెండు అంకెలు, నాడి వేగం రాయండి. పక్కన ఖాళీ వదిలి, రాత్రి నిద్ర పట్టలేదనో, జ్వరం ఉందనో, మాత్ర మరిచిపోయాననో రాసుకోండి. వచ్చింది వచ్చినట్టు రాయడం ముఖ్యం. నాన్నగారు మొదటి రెండు రోజులూ 131ని 130గా రాశారు, ఎక్కువ వచ్చిన ఒక అంకెను "ఇది తప్పు" అని వదిలేశారు. అందరూ చేసే పనే ఇది, కానీ వదిలేసిన అంకెలతోనే సగటు తప్పుతుంది. వారం పూర్తయ్యాక మొదటి రోజు అంకెలను పక్కన పెట్టి, మిగిలిన ఆరు రోజుల 24 కొలతలలో పై అంకెలన్నీ కూడి 24తో భాగించాలి. కింది అంకెలకు విడిగా అలాగే చేయాలి.

ఆ సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టు లెక్క. రెండు అంకెలలో ఏ ఒక్కటి దాటినా అంతే. ఆసుపత్రి కొలతకు హద్దు 140/90 అయినప్పుడు ఇంటికి తక్కువ హద్దు ఎందుకంటే, ఇంట్లో విశ్రాంతిగా ఉన్న మనిషికి సహజంగానే తక్కువ వస్తుంది. ఇంట్లో 138 వచ్చినవారు 140 లోపే కదా అని ఊరుకోవడం పొరపాటు.

పెద్దవాళ్లకూ, మధుమేహం ఉన్నవాళ్లకూ, లేవగానే కళ్లు తిరిగేవాళ్లకూ నిలబడి కూడా ఒకసారి కొలవాలి. కూర్చుని కొలిచిన తరువాత లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కొలవండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ సంగతి వైద్యులకు తప్పక తెలియాలి. ఆ సమయంలో పక్కన ఒకరు నిలబడి ఉండాలి. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవారిలో మెషిన్ అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. అలాంటివారు ప్రతిసారీ మూడు కొలతలు తీసుకోవాలి.

వారం అయిపోయాక పట్టీని పెట్టెలో పెట్టేయండి. అంకె స్థిరంగా ఉన్నవారికి తరువాత వారానికి ఒకటి రెండుసార్లు, లేదా వైద్యులు చెప్పినంత మేరకు చాలు. రోజుకు పదిసార్లు కొలుచుకునేవారిని నేను చూశాను. ఎక్కువ వస్తుందేమోనన్న భయమే అంకెను పెంచుతుంది, పెరిగిన అంకె భయాన్ని పెంచుతుంది. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు కొలుచుకునే అలవాటును ముందుగా మానిపించాలి.

అంకెను మార్చే ఇంటి సంగతులు

ఆ వారంలో వేసుకున్న ప్రతి మందునూ పుస్తకంలో రాయాలి. మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివీ, జలుబుకు ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలూ రక్తపోటును పెంచుతాయి. దగ్గుకు రోజూ నమిలే అతిమధురం కూడా, ఎక్కువ రోజులు వాడితే, శరీరంలోని పొటాషియాన్ని తగ్గించి ఒత్తిడిని పెంచుతుంది.

బీపీ ఉన్నవారు ఉప్పును బాణలిలో వేయించుకుని వాడితే దోషం పోతుందని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. ఉప్పు కరగడానికే 801 డిగ్రీల వేడి కావాలి. పొయ్యి మీద వేయిస్తే పోయేది దానిలోని తేమ మాత్రమే, సోడియం అంతా అలాగే ఉంటుంది. సైంధవ లవణంలోనూ ప్రధానంగా ఉండేది అదే సోడియం క్లోరైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను కంటే తక్కువ. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో వేసుకునేది అన్నీ ఆ లెక్కలోనివే. ఉప్పును బాగా తగ్గించాలనుకునేవారు, తగ్గించడానికి ముందు ఒక వారం, తగ్గించిన నాలుగు వారాల తరువాత మరో వారం కొలిచి చూసుకుంటే తమ శరీరం ఎంత స్పందించిందో తామే తెలుసుకోవచ్చు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును మాత్రం మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు వాడేవారూ వైద్యులను అడగకుండా వాడకూడదు.

ఎప్పుడు ఆగకూడదు

అంకె 180/120 దాటితే ముందు ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవాలి. అంత అంకెతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం, చూపు తగ్గడం, భరించలేని తలనొప్పి, మనిషి అయోమయంగా ఉండడం వంటివి ఏవి కనిపించినా మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కు ఫోన్ చేయాలి. మూతి వంకరపోయి, మాట తడబడినప్పుడు అంకె మామూలుగా ఉన్నా సరే, ఆగకూడదు. ఈ లక్షణాలేవీ లేకుండా అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే అదే రోజు వైద్యులతో మాట్లాడాలి. సొంతంగా రెండో మాత్ర వేసుకోవడం, నాలుక కింద నిఫెడిపిన్ అనే బీపీ మందు పెట్టుకోవడం చేయకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మెదడుకూ గుండెకూ రక్తం చాలక ప్రాణం మీదికి వస్తుంది.

గర్భిణులకు హద్దు వేరు. ఇంట్లో 140/90 వస్తే అదే రోజు ఆసుపత్రికి చెప్పాలి. 160/110 వస్తే, లేదా తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే వెంటనే వెళ్లాలి.

పుస్తకం తీసుకుని వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు మెషిన్‌నూ వెంట తీసుకెళ్లండి. అక్కడి పరికరంతో ఒకసారి, మీ మెషిన్‌తో ఒకసారి కొలిపించి, రెండూ దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏడాదికి ఒకసారి ఇలా చేయడం మంచిది. నాన్నగారి మెషిన్‌ను అలా పోల్చిన రోజున, ఆయన కుడిచేతికి ఎడమచేతి కంటే ఎప్పుడూ ఎనిమిది ఎక్కువ వస్తుందని ఆ వైద్యురాలు కూడా చూశారు. అప్పటినుంచి మా నోటు పుస్తకంలో ప్రతి పేజీ పైన "కుడిచేయి" అని రాసి ఉంటుంది.